ఉష్ణమువలన కర్బన సౌరఘటముల క్షీణత: పాకము, అతిపాకము, విఘటనము

సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చు సాధనము సూర్యుని యెదుటనే ఉండవలెను. సూర్యుని యెదుట నున్నది వేడెక్కక తప్పదు. కనుక సౌరఘటమునకు జీవికయు జరయు ఒక్కచోటినుండియే వచ్చుచున్నవి. సిలికానుతో చేసిన ఘటములు ఈ వేడిని ఇరువదియైదేండ్ల వరకు ఓర్చుకొనుచున్నవి. కర్బన సమ్మేళనములతో చేసిన ఘటములకు అంతటి ఓర్పు ఇంకను అలవడలేదు. అవి వేడికి ఏల క్షీణించును? ఆ క్షీణత కాలక్రమమున ఎట్లు సాగును? దానిని తెలుగున చెప్పవలసివచ్చినప్పుడు ఏ మాటలు వాడదగును? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతము.

భాషాశాఖ పత్రికలో ఈ విషయ మేల యను సందేహము కలుగవచ్చును. తెలుగు మాతృభాష కాని విద్యార్థులకు తెలుగు బోధించువారికి ఒక అనుభవము తరచుగా కలుగుచుండును. 'చెడిపోయినది' అను మాట పాలకును, పండునకును, గడియారమునకును, కడకు మనుష్యునకును సమానముగా చెల్లునని తెలిసినప్పుడు ఆ విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. పాలు విరుగును, పండు కుళ్లును, గడియారము ఆగును, మనుష్యుడు దారి తప్పును. నాలుగింటికిని కారణములు వేరు, మాట ఒక్కటే. వ్యవహారమున ఇది సౌలభ్యము. శాస్త్రమున ఇదియే చిక్కు. కర్బన సౌరఘటము 'చెడిపోయినది' అని వ్రాసి ఊరకున్నచో, ఎట్లు చెడినదో తెలియదు. ఎట్లు చెడినదో తెలియనిచో దిద్దుబాటు తోపదు. ఆంగ్లమున వాడు 'డిగ్రడేషన్' అను మాటయు ఇట్టి గంపగుత్త మాటయే. దానికి సమానార్థకమును వెదకుటకంటె, అది కప్పిపుచ్చు భేదములను తెలిసికొని ఒక్కొక్కదానికి పేరిడుట మేలు.

1. ఘటము, కర్బనము, సంధి

జీవశాస్త్రమున 'కణము' అనియు, విద్యుచ్ఛాస్త్రమున 'ఘటము' అనియు వేరుపరచుట మన పాఠ్యగ్రంథకర్తలు చేసిన మేలు. ఆంగ్లమున ఈ రెండింటికిని ఒకే మాట. 'ఆర్గానిక్' అను విశేషణమునకు తెలుగున 'సేంద్రియ', 'కర్బన' అను రెండు మాటలు కలవు. వ్యవసాయమున 'సేంద్రియ' స్థిరపడినది. 'సేంద్రియ సౌరఘటము' అన్నచో పురుగుమందులు వాడని పైరు వంటిదేదో స్ఫురించును. మనము చెప్పుకొను పదార్థములు జీవులనుండి వచ్చినవి కావు. ప్రయోగశాలలో నిర్మింపబడిన కర్బన సమ్మేళనములు. కాన 'కర్బన సౌరఘటము' అనుటయే యుక్తము.

వీని చరిత్ర స్వల్పము. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సుమారు 6 శాతము దక్షత గల సిలికాను ఘటము వెలువడినది. 1977లో హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావా అను శాస్త్రజ్ఞులు పాలిమరులను విద్యుద్వాహకములుగా చేయవచ్చునని నిరూపించిరి. 2000లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. 1986లో కొడాక్ సంస్థలో పనిచేయుచుండిన సి. డబ్ల్యు. టాంగ్ రెండు కర్బన పదార్థములను పొరపై పొరగా పేర్చి, సుమారు 1 శాతము దక్షత గల ఘటమును ప్రకటించెను. 1992లో సరిచిఫ్త్చి, హీగర్ ప్రభృతులు, కాంతి సోకిన పాలిమరునుండి ఫుల్లరీన్ అను కర్బన గోళమునకు ఎలక్ట్రాను అతివేగముగా పోవుచున్నదని కనుగొనిరి. 1995లో ఈ రెండింటిని పొరలుగా గాక కలగలిపి పరచు పద్ధతి వచ్చినది. నేటి కర్బన ఘటములన్నియు ప్రధానముగా ఈ పద్ధతి ననుసరించినవే.

కలగలుపుట ఏల? సిలికానులో కాంతివలన విడివడిన ఎలక్ట్రాను, అది వదలిన ఖాళీస్థానము సాధారణమైన వేడికే వేరుపడి తమ దారిని పోవును. కర్బన పదార్థములలో ఈ రెండును జంటగా బంధింపబడి యుండును. ఆ బంధము గది ఉష్ణోగ్రత యందలి ఉష్ణశక్తికంటె పదిరెట్లో అంతకు మించియో బలమైనది. ఆ జంటను విడదీయుటకు ఎలక్ట్రానును గట్టిగా ఆకర్షించు రెండవ పదార్థము కావలెను. మొదటిది దాత, రెండవది గ్రహీత. జంట నశించులోపల ప్రయాణము చేయగల దూరము సాధారణముగా పది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. కాంతిని చాలినంత గ్రహింపవలెనన్న పొర మందము నూరు నానోమీటర్లైన నుండవలెను. కనుక పొరలో ఎచ్చట జంట పుట్టినను, పది నానోమీటర్లలోపల దాతకును గ్రహీతకును సరిహద్దు తగులునట్లు రెండింటిని కలపవలెను. మరియు విడివడిన ఎలక్ట్రాను గ్రహీత వెంటను, ఖాళీస్థానము దాత వెంటను ఎలక్ట్రోడుల వరకు తెగని దారులలో పోవలెను.

భౌతికశాస్త్రమున ఇట్టి సరిహద్దును 'సంధి' యందురు. వ్యాకరణమున సంధి రెండు పదముల కూడలిలో జరుగును; ఇచ్చట సంధి పొర యంతటను వ్యాపించి యున్నది. దీనిని 'వ్యాప్తసంధి' యనవచ్చును. విద్యుత్తు నిచ్చునది దాత కాదు, గ్రహీత కాదు, వాని కూర్పు. శబ్దములన్నియు చక్కగా నుండియు అన్వయము చెడినచో వాక్యార్థము చెడును. ఈ ఘటముల క్షీణతలో అధికభాగ మిట్టిదే.

2. వేడి యొక్క తాత్కాలిక ఫలము

వేడివలన కలుగు క్షీణతను విచారించుటకు ముందు ఒక భేదమును గుర్తింపవలెను. వేడిగా నున్నప్పటి పనితీరు వేరు. వేడిలో చాలకాల మున్న పిమ్మటి పనితీరు వేరు. సిలికాను ఫలకము డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.3 నుండి 0.45 శాతము వంతున శక్తిని కోల్పోవును. చల్లారినచో తిరిగి పొందును. కర్బన ఘటమున కథ మరియొక విధముగా నుండును. అందు విద్యుదావేశములు ఒక అణువునుండి మరియొక అణువునకు దుముకుచు పోవలెను. ఆ దుముకునకు వేడి తోడ్పడును. అందువలన కొన్ని పాలిమరు–ఫుల్లరీన్ ఘటముల దక్షత సుమారు 50 డిగ్రీల వరకు పెరుగుటయు గమనింపబడినది. వోల్టేజి తగ్గినను ప్రవాహము పెరుగుట దీనికి కారణము.

దీనిని చూచి కర్బన ఘటములు వేడిదేశములకు అనుకూలములని తలచుట తొందరపాటు. ఆ క్షణమున మేలుచేయు వేడియే నెలలు గడచినకొలది లోపలి కూర్పును మార్చివేయును. క్షీణత యనునది చల్లారినను తిరిగిరాని నష్టము. ఈ రెండింటికి ఒకే మాట వాడరాదు.

3. పాకము

కర్బన ఘటమును చేయుటలో వేడిని బుద్ధిపూర్వకముగా వాడుదురు. దాతను గ్రహీతను ద్రావణిలో కరగించి పలుచగా పరచి ఆరబెట్టినప్పుడు, ద్రవము త్వరగా ఆరిపోవుటచే అణువులు ఎక్కడివి అక్కడ చిక్కుపడి నిలిచిపోవును. అట్టి పొర సరిగా పనిచేయదు. దానిని కొంతసేపు మితమైన వేడియందుంచినచో అణువులకు కొంచెము చలనము కలుగును. పాలిమరు గొలుసులు ఒకదాని ప్రక్క నొకటి ఒత్తుగా చేరి వరుసపడును. గ్రహీతాణువులు ఆ వరుసల నడుమనుండి తొలగి ఒకచోట చేరి తమ దారులు ఏర్పరచుకొనును.

పాలీ హెక్సైల్ థయోఫీన్ అను దాతయు, ఫుల్లరీన్ సంబంధి యైన పి.సి.బి.ఎం. అను గ్రహీతయు గల మిశ్రమము ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. 2003లో ఆస్ట్రియాలోని లింజ్ నగర పరిశోధకులు ఇట్టి ఘటమును వేడిచేయుచు వోల్టేజి నిచ్చి దక్షతను సుమారు 3.5 శాతము వరకు పెంచిరి. 2005లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో హీగర్ బృందము 150 డిగ్రీల వద్ద అరగంటసేపు ఉంచి దక్షతను సుమారు 5 శాతమునకు తెచ్చినది.

ఈ క్రియకు ఆంగ్లమున 'ఆనీలింగ్' అని పేరు. లోహములను, గాజును గూర్చి చెప్పునప్పుడు 'మందశీతలీకరణము' అను మాట తెలుగున వాడుదురు. అచ్చట మెల్లగా చల్లార్చుటయే ప్రధానము గనుక ఆ మాట తగును. ఇచ్చట ప్రధానము చల్లార్చుట కాదు, తగిన వేడిలో తగినంతసేపు ఉంచుట. అందుచే ఇచ్చట ఆ పేరు అపార్థము నిచ్చును. దీనికి తెలుగున సిద్ధముగా నున్న మాట 'పాకము'. అరిసెలు వండువారికి పాకమన నేమో చెప్పనక్కరలేదు. లేతపాకము, తీగపాకము, ఉండపాకము, ముదురుపాకము అని దాని దశలు ప్రతి యింటను తెలిసినవే. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని కావ్యవిమర్శలో వాడునదియు ఈ మాటయే. వంటయందును కవితయందును పాకమనగా పదార్థము మారుట మాత్రమే కాదు, తగిన దశకు వచ్చుట. కర్బన ఘటమున జరుగునదియు అదియే.

4. అతిపాకము

పాకమునకు తుది యెవరు చెప్పవలెను? వంటయింట పొయ్యి దించువారు కలరు. ఇంటికప్పుపై నుంచిన ఘటమునకు అట్టివారు లేరు. ప్రయోగశాలలో అరగంట జరిగిన క్రియయే కప్పుపై మెల్లగా ఏండ్ల తరబడి జరుగుచుండును. గ్రహీతాణువులు చేరిక మానక, పది నానోమీటర్ల గుంపులు క్రమముగా పెద్దవగును. ఫుల్లరీన్ గ్రహీతలు అధికమైన వేడికి మైక్రోమీటరు ప్రమాణము గల స్ఫటికములుగా పెరుగుట సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడినది. పది నానోమీటర్లకంటె అది నూరు రెట్లు పెద్దది. అప్పుడు పొర మధ్యలో పుట్టిన జంటకు సరిహద్దు దొరకదు. అది చిరువేడిగనో చిరుకాంతిగనో నశించును. ఒక్క అణువైనను విరుగలేదు. ఘటము మాత్రము నిరుపయోగమైనది. పాకము ముదిరి పంచదార పలుకులు కట్టుటతో దీనిని పోల్చవచ్చును.

ఈ అతిపాకము ఎంత వేగముగ జరుగునో నిర్ణయించునవి రెండు: అణువులకు విడిపోవలెనను మొగ్గు, విడిపోవుటకు వలయు చలనము. దాతకును గ్రహీతకును పొత్తు కుదరనిచో మొగ్గు ఎక్కువ. చలనమో, పదార్థము బిగిసియున్నదా సడలియున్నదా అను దానిపై ఆధారపడును. ప్రతి పాలిమరునకు ఒక ఉష్ణోగ్రత కలదు. దానికి క్రింద అది గాజువలె బిగిసియుండును, దానికి పైన మెత్తపడి అణువులకు చోటిచ్చును. దీనిని 'గాజుస్థితిని వీడు ఉష్ణోగ్రత' యందము. మిశ్రమమున ఇది ఎండలో ఘటము చేరు ఉష్ణోగ్రతకంటె క్రిందుగా నున్నచో, ప్రతి మధ్యాహ్నమును అణువులు కదలును. 2008లో బెల్జియము పరిశోధకులు ఈ ఉష్ణోగ్రత ఎక్కువగా నుండు పాలిమరును వాడి, దానితో చేసిన ఘటములు వేడికి చాల మెరుగుగా నిలుచునని చూపిరి. 2021లో ఉత్తర కరోలినాలో హరాల్డ్ ఏడ్ బృందము, మొగ్గును చలనమును కలిపి లెక్కించి ఘటముల స్థిరత్వమును ముందుగా అంచనా వేయు పద్ధతిని ప్రతిపాదించినది.

ఫుల్లరీన్ స్థానమున కొత్త గ్రహీతలు వచ్చినవి. 2015లో ఐ.టి.ఐ.సి. అనునదియు, 2019లో వై6 అనునదియు చైనా పరిశోధకులు వెలువరించిరి. వై6తో చేసిన ఘటము 15.7 శాతము దక్షతను చేరినది. 2020 నాటికి 18 శాతమును, ఆ పిమ్మట 19 శాతమును దాటినవి. దక్షత పెరిగినంత మాత్రమున ఓర్పు పెరుగలేదు. ఈ చిన్న అణువులును వేడికి కదలును. కొన్ని మిశ్రమములలో విడిపోయి గుంపులు కట్టును.

5. విఘటనము

ఇంతవరకు చెప్పినది అణువుల కూర్పు చెడుట. అణువులే చెడుట మరియొకటి. దీనికి 'విఘటనము' అను మాట తగును. వేడి ఒక్కటియే అయినచో ఈ అణువులలో పెక్కు 200 డిగ్రీలవరకును చెక్కుచెదరవు. అయితే కప్పుపై వేడి ఒంటరిగా రాదు. కాంతి, ఆక్సిజను, తేమ దానికి తోడగును. కాంతి సమక్షమున ఆక్సిజను పాలిమరు యొక్క పార్శ్వశృంఖలములను, ముఖ్యశృంఖలమును ఆక్సీకరించును. ఉష్ణోగ్రత పెరిగినకొలది ఆ క్రియ వేగమగును.

పొరల సరిహద్దులలో చిక్కు ఇంకను ఎక్కువ. ఎలక్ట్రోడునకు ప్రక్కన వాడు పెడాట్–పి.ఎస్.ఎస్. అను పాలిమరు ఆమ్లగుణము కలది, తేమను పీల్చుకొనును. అది పారదర్శక ఎలక్ట్రోడు నందలి ఇండియమును కొరికి లోనికి వ్యాపింపజేయును. వెండి వంటి లోహములును వేడికి కర్బన పొరలోనికి మెల్లగా చొచ్చుకొనిపోవును. కాల్షియము, అల్యూమినియము వంటివి ఆక్సీకరణము చెంది ప్రవాహమునకు అడ్డుగోడ లగును. ఐ.టి.ఐ.సి., వై6 వంటి గ్రహీతలలో మధ్యభాగమును చివరిభాగములతో కలుపు కర్బన ద్విబంధము మెత్తని తావు. క్షారగుణము గల పొర తగిలిననో, జింకు ఆక్సైడు పొరపై అతినీలలోహిత కిరణములు పడిననో ఆ బంధము తెగును.

కాంతియు వేడియు ఎల్లప్పుడును ఒక దిక్కుననే పనిచేయునని తలపరాదు. కాంతికి ఫుల్లరీన్ అణువులు రెండేసి జతకట్టును. దానివలన ప్రవాహము తగ్గును. చాలినంత వేడి తగిలినచో ఆ జతలు విడిపోవును. అనగా కాంతి చేసిన కీడును వేడి మాన్పుచున్నది. మరియొకవైపున, జతకట్టిన అణువులు సులభముగా కదలలేవు గనుక, కాంతి సోకిన పొరలో స్ఫటికములు పెరుగుట మందగించును. అనగా వేడి చేయబోవు కీడును కాంతి అడ్డుచున్నది. చీకటిలో వేడికి పెట్టి పరీక్షించిన ఫలితమును ఎండలోని ఫలితముగ గ్రహింపరాదనుటకు ఇదియొక నిదర్శనము.

6. ఒక ప్రాచీన వివాదము

మన దర్శనములలో పాకమును గూర్చి ప్రసిద్ధమైన వివాద మొకటి కలదు. దాని కుదాహరణము ఘటమే. పచ్చికుండ కుమ్మరి ఆవములో కాలి ఎఱ్ఱనగును. ఆ ఎఱుపు దేనికి కలిగినది? పరమాణువులకే యని వైశేషికులు చెప్పుదురు: అగ్నిసంయోగమున కుండ పరమాణువులుగా విడిపోయి, అవి విడివిడిగా పాకము చెంది, మరల కుండగా కూడును. ఇది పీలుపాకవాదము. కుండ విడిపోదు, రంధ్రములద్వారా అగ్ని లోనికి చొచ్చి అవయవితో సహా పాకమగునని నైయాయికులు చెప్పుదురు. ఇది పిఠరపాకవాదము. తెలుగువాడని ప్రతీతి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికలో ఈ రెండు పక్షములను చెప్పినాడు.

నేటి శాస్త్రమును ప్రాచీనులు ముందే చెప్పిరనుట నా యభిప్రాయము కాదు. వైశేషికుల పరమాణువు నేటి అణువు కాదు. కుండ ఎఱ్ఱనగుట ఘటము క్షీణించుట కాదు. అయినను ప్రశ్న యొక్క ఆకృతి గమనింపదగినది. వేడి తగిలినప్పుడు మారినది అవయవమా, అవయవియా? కర్బన సౌరఘటమును పరీక్షించువాడు మొదట వేసికొనవలసినది ఈ ప్రశ్నయే. పొరను తిరిగి కరగించి చూచినప్పుడు అణువులు పూర్వము ఉన్నట్లే యున్నచో చెడినది కూర్పు, అది అతిపాకము. కొత్త అణువులు కనబడినచో అది విఘటనము. మొదటిదానిని కనుగొనుటకు ఎక్స్‌కిరణముల పరిక్షేపణము, సూక్ష్మదర్శిని పనికివచ్చును. రెండవదానికి అణువుల ద్రవ్యరాశిని తూచు పద్ధతులు, వర్ణపటములు కావలెను. తేడా ఏమనగా, దార్శనికులు రెండింటిలో ఒకటియే సత్యమనిరి. సౌరఘటమున రెండును జరుగును, ఏది ఎంత యనునదే తేల్చవలసినది.

7. ఆయువును కొలుచుట

ఇరువదియేండ్లు మన్నునో లేదో తెలిసికొనుటకు ఇరువదియేండ్లు వేచియుండుట సాధ్యము కాదు. అందుచే ఎక్కువ వేడిలో కొద్దికాల ముంచి, తక్కువ వేడిలో చాలకాలము జరుగుదానిని ఊహింతురు. దీనికి ఆధారము 1889లో స్వీడను దేశీయుడు అర్హీనియస్ తెలిపిన సూత్రము: ఉష్ణోగ్రతతో క్రియావేగము ఘాతక్రమమున పెరుగును. పది డిగ్రీలకు వేగము రెట్టింపగునని అనుకొన్నచో, 25 డిగ్రీలనుండి 65 డిగ్రీలకు పోయినప్పుడు వేగము 16 రెట్లగును; 65 వద్ద ఒక గంట 25 వద్ద పదునారు గంటలకు సమానము.

ఈ లెక్కకు ఒక షరతు కలదు. రెండు ఉష్ణోగ్రతలవద్దను జరుగు క్రియ ఒక్కటే కావలెను. ఒక మిశ్రమము 75 డిగ్రీలవద్ద గాజుస్థితిని వీడుననుకొందము. 85 డిగ్రీలవద్ద పరీక్షించినచో అణువులు కదలి ఘటము త్వరగా క్షీణించును. 60 డిగ్రీలవద్ద ఆ కదలికయే ఉండదు. మొదటి ఫలితమునుండి రెండవదానిని లెక్కగట్టినచో మంచి ఘటమును చెడ్డదందుము. 60 డిగ్రీలవద్ద పరీక్షించి 85ను గూర్చి చెప్పినచో చెడ్డదానిని మంచిదందుము. పాకమునకును విఘటనమునకును వేర్వేరు పేర్లుండవలెననుటకు ఇదియే గట్టి కారణము: పేరు వేరుకానిచోట లెక్కయు వేరుకాదు.

ఆయువును చెప్పుటకు సాధారణముగా దక్షత తొలి విలువలో 80 శాతమునకు తగ్గు కాలమును తీసికొందురు. పెక్కు ఘటములలో మొదట దక్షత వేగముగా తగ్గి, తరువాత మందముగ తగ్గును. ఆ తొలితగ్గుదల ముగిసిన పిమ్మటినుండి కాలమును లెక్కించు పద్ధతియు కలదు. ఏది తొలి విలువయో చెప్పని ఆయువు నమ్మదగినది కాదు. ఈ అస్తవ్యస్తమును తొలగించుటకు 2011లో పలుదేశముల పరిశోధకులు కలిసి పరీక్షావిధులను నిర్ణయించుకొనిరి: చీకటిలో, ప్రయోగశాలా కాంతిలో, ఆరుబయట, ఉష్ణోగ్రతను మార్చుచు చేయవలసిన పరీక్షలు అందున్నవి. వ్యాపారమునకు వచ్చు ఫలకములకు అంతర్జాతీయ ప్రమాణము ఇంకను కఠినము: 85 డిగ్రీల వేడి, 85 శాతము తేమలో వేయి గంటలు, మరియు −40 నుండి 85 డిగ్రీల నడుమ రెండువందల ఆవృత్తులు. వేడికి ఒక్కొక్క పొర ఒక్కొక్క మేర వ్యాకోచించును గనుక, రేయింబవళ్ల మార్పులకు పొరలు ఒకదానినుండి మరియొకటి ఊడుటయు కలదు.

8. మన ఎండలు, నివారణోపాయములు

పల్నాటి రెంటచింతలలోను, గోదావరి తీరపు రామగుండములోను గ్రీష్మమున గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటిన దినములు కలవు. నిండుటెండలో ఫలకము చుట్టునున్న గాలికంటె 25 నుండి 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కును. 42 డిగ్రీల మధ్యాహ్నమున ఫలకము 70 డిగ్రీలను సమీపించును. రాజస్థానపు మరుభూమియు ఇట్టిదే. కర్నూలు సమీపమున 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల సౌరోద్యానమున వాడినవి సిలికాను ఫలకములే. కర్బన ఘటములు తేలికైనవి, వంగునవి, కిటికీ అద్దములకు అంటించదగినవి. సిలికాను పోలేనిచోటికి అవి పోగలవు. అయితే ఈ ఎండలలో నిలువవలెను.

2021లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున స్టీఫెన్ ఫారెస్ట్ బృందము ప్రకటించిన ఫలిత మిచట తలపదగినది. వారి ఘటమున క్షీణతకు ముఖ్యకారణము మధ్యపొర కాదు, దాని సరిహద్దులలోని రసాయనిక మార్పు అని వారు కనుగొనిరి. ఆ సరిహద్దులలో రక్షకపొరలు చేర్చి, అతినీలలోహిత కిరణములను వడగట్టినప్పుడు, 55 డిగ్రీలవద్ద 1,900 గంటల వెలుతురు పిమ్మట ఘటము తొలి దక్షతలో 94 శాతమును నిలుపుకొన్నది. తీవ్రకాంతి పరీక్షలనుండి లెక్కగట్టి ముప్పదియేండ్ల ఆయువును వారు ఊహించిరి. ఆ పరీక్షలలో అత్యధిక ఉష్ణోగ్రత 65 డిగ్రీలు. మన వేసవి ఫలకము దానిని దాటునని పై లెక్కయే చెప్పుచున్నది. ఇది వారి పనికి లోపము కాదు. మన పరిశోధకులకు మిగిలిన పని.

నివారణోపాయములును రోగభేదము ననుసరించియే యున్నవి. అతిపాకమునకు మందు చలనమును కట్టుట: గాజుస్థితిని వీడు ఉష్ణోగ్రత ఎక్కువైన పదార్థములను ఎన్నుకొనుట, రెండింటికి పొత్తు కుదుర్చు మూడవ పదార్థమును కొంచెము చేర్చుట, గొలుసుల నడుమ అడ్డుబంధములు వేయుట, చిన్న గ్రహీతాణువులను ఒకదానితో నొకటి కూర్చి పాలిమరుగా చేయుట. ఈ కడపటి మార్గము 2017నుండి చైనాలో బాగుగా అభివృద్ధి చెందినది. విఘటనమునకు మందు వేరు: ఆక్సిజను, తేమ చొరకుండ గాజుతోనో తగిన పొరలతోనో మూయుట, సరిహద్దులలో ఆమ్లక్షారములు లేని పదార్థములను వాడుట, హానికరమైన కిరణములను వడగట్టుట. అణువులు కదలి కూర్పు చెడిన ఘటమును ఎంత గట్టిగా మూసినను ఫలము లేదు. ఆక్సిజను చొచ్చుచున్న ఘటమున అణువులను ఎంత కట్టినను ఫలము లేదు.

ఒక విరోధమును మరువరాదు. కదలని అణువు అతిపాకము చెందదు, కాని పాకమును చెందదు. చలనమును మొదటినుండియే నిరోధించినచో మంచి కూర్పు ఏర్పడనే ఏర్పడదు. కావున పాకము కుదిరిన పిమ్మట అణువులను కట్టివేయు ఉపాయము కావలెను. ఈ రంగమున నేడు జరుగుచున్న కృషిలో చాలభాగము ఈ ఒక్క సమస్య చుట్టును తిరుగుచున్నది.

9. పదనిర్ణయము

పై విచారమునుబట్టి నాలుగు మాటలను ప్రతిపాదింపవచ్చును. కారణము తెలియక ముందు, కొలతలో కనబడు తగ్గుదలకు 'క్షీణత'. తగిన వేడిచే కూర్పు కుదురుటకు 'పాకము'. అదే వేడి కొనసాగి కూర్పు చెడుటకు 'అతిపాకము'. అణువులే విరిగి వేరగుటకు 'విఘటనము'. వేడిగా నున్నప్పుడు మాత్రము కలిగి చల్లారగనే పోవు మార్పు ఈ నాలుగింటను చేరదు. దానిని 'ఉష్ణోగ్రతాశ్రిత మార్పు' అని విడిగా చెప్పుట మేలు.

'పాకము' తెలుగునకు మాత్రమే చెందిన సొత్తు కాదు. కన్నడమున పాకమన్నను, మలయాళమున తగిన పదునును చెప్పు పాకమన్నను, తమిళమున పాగు, పక్కువము అన్నను ఈ భావచ్ఛాయలే కలవు. మరాఠీలోను పాకమన పంచదారపాకమే. హిందీలో మాత్రము పారసీకమునుండి వచ్చిన 'పాక్' అను మాటకు పవిత్రమను అర్థము ప్రబలముగ నుండుటచే అయోమయము కలుగవచ్చును. ఏ భాషకు ఏది యుక్తమో ఆ భాషావేత్తలే నిర్ణయింపవలెను. శాస్త్రీయ పారిభాషిక పదావళి సంఘము 1961లోను, తెలుగు అకాడమి 1968లోను ఏర్పడిన పిమ్మట మనకు పదకోశములు చాల వచ్చినవి. పదము ప్రక్క పదమును పేర్చుటవలన కోశము పెరుగును. కారణము ప్రక్క కారణమును నిలిపి చూచినప్పుడే పరిభాష పెరుగును. విఘటనమైనదానిని అతిపాకమని భ్రమించినవాడు చేయు చికిత్స యెట్టిదో పైన చూచితిమి. పేరు సరిగా పెట్టుట భాషావేత్త పనియే యైనను, దాని ఫలితము ఇంటికప్పుమీద తేలును. ఇతర భాషాశాఖల పండితులు ఈ నాలుగు మాటలను తమ తమ భాషలలో పరీక్షించి, సాధకబాధకములను తెలుపుదురుగాక యని కోరుచున్నాను.